పసుపు కొమ్ము వేరా, కాండమా? రోటావేటర్ కొట్టించాక తుంగ ఎందుకు రెట్టింపైంది?

మీరు అడిగినవి రెండు సంగతులు. ఇంటర్ బైపీసీ చదువుతున్న మీ అమ్మాయి "పసుపు, అల్లం మట్టిలో ఉంటాయి కదా, పుస్తకంలో వాటిని కాండం అంటారేంటి? కాండం అలా రూపం మార్చుకుంటే మొక్కకి ఏం లాభం?" అని అడిగితే ఏం చెప్పాలో తోచలేదన్నారు. రెండోది మీ పొలం గొడవ. పాతపట్నం దగ్గర మీ అరెకరంలో తుంగ కలుపు ఎక్కువగా ఉందని తొలకరికి రోటావేటర్‌తో (ట్రాక్టరు వెనక తిరుగుతూ మట్టిని పొడి చేసే యంత్రం) రెండుసార్లు దున్నించి పసుపు వేశారు. ఇరవై రోజులు తిరక్కుండానే తుంగ రెట్టింపు లేచింది.

రెండింటికీ జవాబు ఒకటే. కాండానికి కణుపులుంటాయి, కణుపు దగ్గర మొగ్గ ఉంటుంది. వేరుకి కణుపులుండవు. అది మట్టిలో ఉందా, పైన ఉందా అన్నదాంతో పని లేదు. పసుపు కొమ్ము మీద కణుపులున్నాయి, కళ్ళున్నాయి, కాబట్టి అది కాండం. తుంగ గడ్డా కాండమే. రోటావేటర్ దాన్ని ముక్కలు చేసింది. కన్ను ఉన్న ప్రతి ముక్కా మొక్కయింది. మీరు కలుపు తీశాననుకున్నారు, నిజానికి చేనంతా తుంగ విత్తనం చల్లినట్టయింది.

నా సంగతి రెండు మాటల్లో చెబుతాను. పర్లాకిమిడి వైపు రోడ్డు మీద 26 ఏళ్ళుగా నర్సరీ నడుపుతున్నాను. చదివింది బీఎస్సీ బాటనీ. పుట్టిల్లు ఉద్దానంలో, కవిటి వైపు. కింద రాసినవన్నీ చేత్తో తవ్వి చూసినవే.

ముందు మీ అమ్మాయి ప్రశ్న. ఇంట్లో పచ్చి పసుపు గడ్డ ఉంటే కడిగి ఆమె చేతిలో పెట్టండి. ఈ సమాధానం రాస్తూ నేనూ ఒకటి పక్కన పెట్టుకున్నాను. గడ్డ చుట్టూ ఉంగరాలు తొడిగినట్టు గీతలు కనబడతాయి. అవే కణుపులు. ఒక్కో గీత దగ్గర గోధుమరంగు పొర గోటితో గీకితే ఊడివస్తుంది. ఉల్లిపొరలా పలచగా, ఎండి ఉంటుంది. అది ఆకు. మట్టిలో ఎండ తగలదు కాబట్టి పచ్చబడే పని లేక పొలుసుగా మిగిలిపోయింది. ఆ పొలుసు లేపి చూస్తే దాని ఒడిలో చిన్న బుడిపె ఉంటుంది, మేకు తలంత. అది గ్రీవపు మొగ్గ, మనం కన్ను అనేది. ఇంకొంచెం పరీక్షగా చూస్తే ఒక కన్ను ఈ పక్క, తర్వాతి కణుపులో కన్ను ఆ పక్క ఉంటాయి. తల్లి దుంపకి కొమ్ములు అటూ ఇటూ వేళ్ళలా రావడానికి కారణం అదే. పైన కొమ్మ మీద ఆకు, ఆకు మొదట్లో మొగ్గ ఎలా ఉంటాయో ఇక్కడా అలాగే ఉన్నాయి. కొమ్మ నిలువుగా పోకుండా నేలలో అడ్డంగా పోయింది, లావెక్కింది, అంతే. దాని కింద నుంచి దారాల్లా వేలాడేవి ఉన్నాయే, అవే వేళ్ళు.

ఇప్పుడు పక్కన ఒక బంగాళదుంప, ఒక చిలగడదుంప పెట్టండి. బంగాళదుంప కళ్ళు ఒక చివర నుంచి మరో చివరకి మెలిక తిరిగిన వరసలో ఉంటాయి. ప్రతి కన్ను కింద కనుబొమలాంటి చిన్న గీత కూడా ఉంటుంది, అది పొలుసాకు మచ్చ. అందుకే దాన్ని 2, 3 కళ్ళు ఉండేలా కోసి నాటుతారు. చిలగడదుంప మీద అలాంటి వరస ఏదీ కనబడదు, అది ఉబ్బిన వేరు. దాన్ని తీగ ముక్కలు నాటి పెంచుతారు. కర్రపెండలం కూడా అంతే. దుంప కూరకి, కర్ర విత్తనానికి.

ఇక్కడ మా సరిహద్దు ఊళ్ళ సంగతొకటి చెప్పాలి. నర్సరీ పెట్టిన కొత్తలో ఒక ఒడియా పెద్దాయన వచ్చి "కందమూళ" కావాలన్నారు. నాకు వినబడింది కంద. నాలుగు కిలోల కంద దుంప సంచిలో వేసి ఇచ్చాను. మర్నాడు ఆయన తిరిగొచ్చి, ఇది ఓలువ కదమ్మా, నేనడిగింది ఇది కాదన్నారు. ఒడియాలో కందమూళ అంటే చిలగడదుంప. మన కందని వాళ్ళు ఓలువ అంటారు. ఆ రోజు సిగ్గుపడ్డాను గానీ తర్వాత ఆలోచిస్తే ఆ పేరు ఎంత సరైనదో తెలిసింది. చిలగడదుంప నిజంగానే మూలం, అంటే వేరు. మన కంద మాత్రం కాండం. నడిమధ్య గుంటలో పెద్ద మొగ్గ, చుట్టూ వలయాలు, అక్కడక్కడా పిల్ల మొగ్గలు. నాటేటప్పుడు ప్రతి ముక్కకీ ఆ నడిమి మొగ్గలో కొంత భాగం రావాలి. అందుకే కందని కేకు కోసినట్టు నడిమి నుంచి అంచుకి కోస్తారు, అడ్డంగా ముక్కలు చేయరు. ముక్క అరకిలో దాకా ఉంటే మంచి దుంప దిగుతుంది.

ఉల్లి విషయంలో చాలామంది పొరబడతారు. గడ్డంతా కాండం కాదు. కింద వేళ్ళు అంటుకుని ఉండే బిళ్ళ ఉంటుంది చూడండి, కూరకి తరిగేటప్పుడు కోసి పారేసేది, అదొక్కటే కాండం. మనం తినేవి ఆకు మొదళ్ళు. వెల్లుల్లి రెబ్బ అయితే ఒక్కొక్కటీ ఒక మొగ్గ.

ఇంతకీ కాండం ఇంత పని ఎందుకు పెట్టుకుంది? మన వాతావరణం చూస్తే అర్థమవుతుంది. జ్యేష్ఠ ఆషాఢాల నుంచి కార్తీకం దాకా నేలలో తడి ఉంటుంది. సంక్రాంతి దాటాక నేల ఎండుతుంది, పసుపు ఆకు వాలిపోతుంది. పైభాగం మొత్తం పోయినా మొక్క బతకాలి. ఎండాకాలమంతా తాను తినడానికి పిండి పదార్థం, వాన పడగానే లేవడానికి సిద్ధంగా మొగ్గ, రెండూ ఒకేచోట ఉండాలి. మట్టిలో దాగిన కాండానికి ఆ రెండూ ఉన్నాయి. పైన మేక మేసినా, పోడుకి నిప్పు పెట్టినా కింద ఉన్నది క్షేమం. మా గజపతి కొండల్లో పోడు కాల్చిన చోట అన్నిటికంటే ముందు దర్భగడ్డి పచ్చగా లేవడం చూస్తుంటాం. మంట దాని కొమ్ము దాకా చేరదు.

రెండో లాభం, పాకడం. గింజ మొలిచి తన వేళ్ళు తాను పోసుకోవాలి. చాలావరకు ఆ దశలోనే చస్తాయి. కాండం నుంచి వచ్చే పిల్ల అలా కాదు, తల్లి తిండి తింటూ పెరిగి, కాళ్ళు నిలదొక్కుకున్నాక విడిపోతుంది. అరటిలో ఇది చక్కగా కనబడుతుంది.

అరటి గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే నాకు ఈ పాఠం పుస్తకంలో కంటే 2018 అక్టోబరు 11న బాగా తెలిసింది. ఆ తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా ఉద్దానం మీద పడింది. మర్నాడు పుట్టింటికి వెళ్తే తోట గుర్తుపట్టలేకపోయాను. కొబ్బరి చెట్లు కొన్ని వేళ్ళతో లేచిపోయాయి, చాలావాటికి తల విరిగింది. తల విరిగిన చెట్టు ఇంకా నిలబడే ఉంది గానీ నాన్న దాన్ని చూసి "ఇది పోయినట్టే" అన్నారు. కొబ్బరికి ఉన్నది ఒక్కటే మొవ్వు. పక్క మొగ్గలు, పిలకలు ఉండవు. ఆ ఒక్క మొగ్గా విరిగితే చెట్టు నెలల తరబడి నిలబడే చస్తుంది. మళ్ళీ నాటితే పొడుగు రకం కాపుకి రావడానికి ఆరేడేళ్ళు.

అదే తోటలో అంతరపంటగా వేసిన అరటి మొత్తం నడుముకి విరిగి పడుకుంది. నాన్న కత్తి తీసుకుని ఒక్కొక్కదాన్నీ నేల నుంచి జానెడు ఎత్తులో కోసేశారు. సాయంత్రం కోసిన మోడుని పొద్దున్నే చూద్దును కదా, నడిమధ్య నుంచి లేత పచ్చటి చుట్ట రెండంగుళాలు పైకి పొడుచుకొచ్చింది. చుట్టూ కోసిన డొప్పలు అలాగే ఉన్నాయి, లోపలి ఆకు మాత్రం రాత్రికి రాత్రి లేచింది. మనం అరటి చెట్టు అనుకునే బోదె నిజానికి ఒకదాని మీద ఒకటి చుట్టుకున్న ఆకు డొప్పలు. అసలు కాండం మట్టిలో ఉన్న దుంప. గెల వేసే ముందు దాని కొన మాత్రం డొప్పల మధ్య నుంచి పైకి పెరుగుతుంది. మనం కూర వండుకునే దూట అదే. అప్పటికి గెల వేయని చెట్లలో కొన మొగ్గ ఇంకా కిందే ఉంది కాబట్టి తుఫాను దాన్ని ముట్టుకోలేకపోయింది. గెల వేసినవి మాత్రం పోయాయి, వాటి స్థానంలో పిలకలు లేచాయి. మరుసటి ఏడు అమ్మ అదే తోటలో అరటి గెలలు అమ్మింది. కొబ్బరి మొదళ్ళు పక్కనే ఉన్నాయి. ఆ రెండింటినీ అలా పక్కపక్కన చూసినప్పుడు కడుపులో దేవినట్టయింది, ఇప్పటికీ మరిచిపోలేదు.

అరటి పిలకలు కొనేవాళ్ళకి ఒక మాట. సన్నటి కత్తిలాంటి ఆకులతో, అడుగున లావుగా ఉండే సూది పిలకలే తీసుకోండి. అందంగా వెడల్పు ఆకులు విప్పుకున్నవి నీటి పిలకలు. వాటికి తల్లితో పట్టు తక్కువ, దుంపలో నిల్వ తక్కువ. నర్సరీకి వచ్చేవాళ్ళు చూపుకి బాగున్నాయని అవే ఏరుకుంటారు, నేను వద్దని చెబుతుంటాను.

ఇక మీ తుంగ. నాకూ ఈ దెబ్బ తగిలింది. నర్సరీ మొదలుపెట్టిన మూడో ఏడు ఒక ట్రాక్టరు చెరువు మట్టి తోలించుకుని బెడ్లు వేశాను. మట్టితో తుంగ వచ్చింది. కూలీలతో పారలతో తవ్వి తిరగేయించాను. నెలకి బెడ్డు మీద వేరే మొక్క కనబడలేదు. అప్పుడు ఒక మొక్కని గునపంతో అడుగు లోతు నుంచి మట్టి పెళ్ళతో సహా తీసి, బకెట్ నీళ్ళలో మెల్లగా జాడించి చూశాను. పైన ఒక్క మొక్క. కింద సన్నటి నల్లటి తీగ, దాని మీద జపమాలకి పూసలు గుచ్చినట్టు ఒకటి తర్వాత ఒకటి గడ్డలు. ఒక పూస చిదిమితే మంచి వాసన. ఎండబెట్టి పచారీ కొట్టులో తుంగముస్తలని అమ్మేవి ఇవే.

అసలు కీలకం ఆ గొలుసులోనే ఉంది. గొలుసు తెగకుండా ఉన్నంతకాలం కొనన ఉన్న గడ్డ మొలిచి, వెనక ఉన్నవాటిని చాలావరకు నిద్రలోనే ఉంచుతుంది. చెట్టు కొన తుంచితే పక్క కొమ్మలు రావడం మనందరికీ తెలుసు కదా, ఇదీ అదే సూత్రం. రోటావేటర్ ఆ గొలుసుని ఎక్కడికక్కడ తెంపింది. అణిగి ఉన్న గడ్డలన్నీ ఒకేసారి లేచాయి. పైగా తొలకరి తడి. గరిక ఉన్న చేలో కూడా ఇదే జరుగుతుంది, దానికైతే తీగలో కణుపున్న చిన్న ముక్క చాలు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. పంట నేలలో ఉంది కాబట్టి ఈ ఏడాది తుంగని చంపలేరు, అలసిపోయేలా చేయగలరు. కొత్త ఆకు లేచిన ప్రతిసారీ గడ్డలో నిల్వ కొంత ఖర్చవుతుంది. ఆ ఆకు తిరిగి పిండి చేసి కిందకి పంపేలోపే తీసేయాలి. 15 నుంచి 20 రోజులకోసారి, నేల తడిగా ఉన్నప్పుడు, గడ్డతో సహా. ఒకసారి మానేసి నెలన్నరకి తీస్తే అప్పటికే కొత్త గడ్డలు కట్టేసి ఉంటాయి, పడ్డ శ్రమంతా పోతుంది. తీసినవి గట్టు మీద పడేయకండి, రోడ్డు మీద ఎండలో బాగా ఎండనివ్వండి. పసుపు వరసల మధ్య ఆకుచెత్త మందంగా పరవండి. తుంగ నీడకి ఓర్చుకోలేదు, పసుపు ఆకు కమ్ముకున్నాక నీరసిస్తుంది. ప్లాస్టిక్ షీటు వేద్దామని ఎవరైనా అంటే ఖర్చు పెట్టకండి. దాని మొలక సూదిలా ఉంటుంది, షీటుని పొడుచుకుని పైకొస్తుంది.

పసుపు తవ్వాక, ఏప్రిల్ ఎండల్లో నేల పొడిగా ఉన్నప్పుడు నాగలితో లోతు దుక్కి చేయించండి, రోటావేటర్ వద్దు. పెళ్ళలు తిరగబడి గడ్డలు ఎండకి మాడాలి. తడి నేలలో దున్నితే నాటినట్టు, ఎండిన నేలలో దున్నితే ఎండబెట్టినట్టు. తర్వాత తొలకరికి జీలుగో జనుమో ఒత్తుగా చల్లి నీడ కట్టించండి. రెండేళ్ళు ఇలా చేస్తే నా బెడ్లలో నూటికి పది మొక్కలు కూడా మిగల్లేదు.

గ్లైఫోసేట్ అనే కలుపుమందు కొట్టమని షాపుల్లో చెబుతారు. పసుపు వరసల్లో అది పడితే తుంగతో పాటు పసుపూ పోతుంది. పైగా 2022 అక్టోబరులో కేంద్రం దాని వాడకాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. నేను ఆ సలహా ఇవ్వను.

కాండంతో పెంచే పంటల్లో ఒక ప్రమాదం ఉంది, అదీ తెలుసుకోవాలి. పసుపు పూస్తుంది గానీ గింజ దాదాపు పట్టదు. కాబట్టి మీ చేలో ఉన్న మొక్కలన్నీ తల్లికి అచ్చు నకళ్ళు. తల్లి మంచిదైతే అన్నీ మంచివే, తల్లికి తెగులుంటే అదీ వారసత్వంగానే వస్తుంది. ఒక ఏడు ధర తక్కువని ఊరూపేరూ తెలియని వ్యాపారి దగ్గర రెండు బస్తాల అల్లం విత్తనం కొన్నాను. పైకి బాగానే ఉంది. శ్రావణ మాసానికి ఆకు చివర్ల నుంచి పసుపుబారడం మొదలైంది, మొక్క పట్టుకుంటే చేతికి ఊడొచ్చేది, గడ్డ దగ్గర కుళ్ళు కంపు. దుంపకుళ్ళు. మూడు బెడ్లు పోయాయి. అప్పటి నుంచి ఎవరి చేలో పెరిగిందో చూడకుండా విత్తనం కొనను. నాటే ముందు లీటరు నీటికి 3 గ్రాముల మాంకోజెబ్ తెగుళ్ళ మందు కలిపి అరగంట నానబెట్టి, నీడలో ఆరబెడతాను. అల్లం ముక్క 20, 25 గ్రాములుండి ఒకటి రెండు బలమైన కళ్ళు ఉంటే చాలు.

ఇదే గుణం మంచికీ పనికొస్తుంది. సాలూరు ఘాట్ ఎక్కితే వచ్చే పొట్టంగిలో, కొరాపుట్ జిల్లాలో, ఒడిశా వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిశోధన కేంద్రం ఉంది. అక్కడి కుందులి నాటు అల్లంలో మేలైన దుబ్బుల్ని ఏరి పెంచగా వచ్చిందే సుప్రభ రకం. సురుచి, సురవి కూడా అక్కడివే. పసుపులో రోమా, సురోమా, రంగా, రశ్మి కూడా అక్కడ తయారైనవే. ఒక మంచి దుబ్బు దొరికితే దాని కొమ్ములే విరిచి నాటుకుంటూ పోతే ఆ గుణం చెక్కుచెదరదు. చెరకు ముచ్చెలు, అంటే గడ ముక్కలు, నాటడంలోనూ ఇదే కిటుకు. గడ పైభాగం కళ్ళు లేతవి కాబట్టి బాగా మొలుస్తాయి.

మీ అమ్మాయి పరీక్ష కోసం నేల మీదవి, పైవి కూడా త్వరగా చెప్పేస్తాను. గరిక, పులిచింత, సరస్వతి ఆకు నేల మీద పాకుతూ కణుపు కణుపుకీ వేళ్ళు దించుతాయి. మల్లె కొమ్మ వంగి నేల తాకిన చోట వేళ్ళు పోస్తుంది, మేము అంట్లు కట్టేది దాన్ని చూసే. గుర్రపుడెక్క, అంతరతామర నీటి మీద పొట్టి కాడతో పిల్లని తోస్తాయి. చామంతి మట్టిలోంచి పిలకలు లేపుతుంది. పుదీనాని ఒక పుస్తకం పిలకల్లో వేస్తుంది, మరో పుస్తకం స్టోలన్లలో, అంటే మల్లెలా వంగి నేల తాకి వేళ్ళు పోసే కొమ్మల్లో, వేస్తుంది. దాని గురించి టెన్షన్ పడొద్దు, పరీక్షకి తన పుస్తకంలో ఉన్నదే రాయమనండి. నిమ్మ ముల్లు, నల్లేరు నులితీగ, బ్రహ్మజెముడు బిళ్ళ, ఇవన్నీ కాండాలే. కిత్తనార పూగుత్తి మీద చిన్న చిన్న మొక్కలు వేలాడి కింద రాలుతాయి, వాటిని లఘులశునాలంటారు.

వీలైతే ఒక ఆదివారం ఆమెని బారువ వైపు సముద్రానికి తీసుకెళ్ళండి. సరుగుడు తోటలో పచ్చటి "సూది" ఒకటి తుంచి రెండు చేతులతో మెల్లగా లాగమనండి. కీలు ఊడినట్టు టిక్కుమని విడిపోతుంది. విడిపోయిన చోట అంచు చుట్టూ పళ్ళలాంటి పొలుసులు కనబడతాయి. ఆకులు అవి. మనం ఆకు అనుకున్న సూది పచ్చటి కొమ్మ. ఇసుక దిబ్బల మీద రావణాసురుడి మీసం, బాలబంది తీగ మీటర్ల కొద్దీ పాకుతూ కణుపు కణుపుకీ వేళ్ళు దించి ఇసుకని పట్టి ఉంచుతాయి. గాలికి ఇసుక కప్పేసినా మళ్ళీ పైకొచ్చేది ఆ కణుపుల నుంచే.

ఒక మినహాయింపు మర్చిపోకముందే చెప్పాలి. వేరుకి కణుపులుండవు అన్నాను గానీ మొలకే రాదని కాదు. కరివేపాకు వేరు నుంచి పిలకలు లేస్తాయి, చిలగడదుంపకీ మొలకలొస్తాయి. అవి ఎక్కడ పడితే అక్కడ వస్తాయి, కణుపు వరస ప్రకారం రావు. పొలుసాకు మచ్చ కూడా ఉండదు. అనుమానం వస్తే ఆ మచ్చ వెతకమనండి.

ఈ వారం కలుపుకి దిగే ముందు మీ చేలో ఒక తుంగ మొక్కని నేను చెప్పినట్టు అడుగు లోతు నుంచి తీసి నీళ్ళలో జాడించండి. గొలుసు తెగకుండా వస్తే పాత పేపరు మీద పరిచి ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. గడ్డలు ఎంత లోతున ఉన్నాయో చూస్తే ఏప్రిల్ దుక్కి ఎంత లోతు వేయించాలో చెబుతాను.